క్రిస్మస్ సెలవులు - మన ప్రవాస కుటుంబములు

ఉగాది సంచికలో క్రిస్మస్ ప్రస్తావన ఎందుకని చదువరులు అనుకోవచ్చును. కారణము చిన్నదే. మేము పనిచేసే రైల్వే ఆఫీసులో సెలవుల పట్టిక ఒకటి గోడకు అంటించి ఉంటుంది. అందులో డిసెంబరు 25 అందరికీ తప్పనిసరి సెలవు. ఉగాది మాత్రము కావలసినవారు కోరి పెట్టుకొనే సెలవుల వరుసలో ఉంటుంది. ఒడిశాలో ఉన్నవారము కనుక ఇందులో తప్పు పట్టవలసినది లేదు. పైగా ఉగాది నాటికి పిల్లలకు పరీక్షలు. సంక్రాంతికి దొరికేది ఒకటి రెండు రోజులు. అందుచేత ఖుర్దా రోడ్డు రైల్వే కాలనీలో నాలుగు తరములుగా ఉంటున్న మా కుటుంబము, ఊరిలోని దాయాదులతో కలిసి ఒక్క పందిరి క్రింద భోజనము చేయగలిగేది ఏడాదికి ఒక్కసారే. అది డిసెంబరు ఆఖరి వారము.

మేము క్రైస్తవులము కాము. అయినా మా ఇంటి పెద్ద కలయికలన్నీ క్రిస్మస్ సెలవులలోనే జరిగినవి. మన సంఘములోని చాలా ఇండ్లకు ఇదే అనుభవము ఉండును. ఈ సెలవులు మనకు ఎట్లు వచ్చినవి, వాటిని మన పెద్దలు ఎట్లు వాడుకొన్నారు, వాటిలో మనవారు ఏమి పోగొట్టుకొన్నారు అన్నది తెలిసినంతలో చెప్పదలచినాము.

ఈ సెలవులు మన కోసము పుట్టినవి కావు. కంపెనీ కాలములో ఇక్కడికి కొలువుకు వచ్చిన దొరలు తమ పండుగకు తామే ఇచ్చుకొన్న సెలవులివి. ఆ రోజులలో ఓడ ఆఫ్రికా దక్షిణపు కొన చుట్టి రావలెను. ప్రయాణమునకు ఐదారు నెలలు పట్టేది. ఇంటికి జాబు వ్రాసి, దానికి బదులు చేతికి అందేసరికి ఏడాది తిరిగిపోయేది. తల్లి బ్రతికి ఉన్నదో లేదో కూడ తెలియకుండానే పండుగ చేసికోవలసిన స్థితి. కలకత్తాలో దొరల ఇండ్ల గుమ్మములకు నౌకర్లు అరటి బోదెలు నిలిపి, పూలదండలు కట్టేవారు. పండ్లు, మిఠాయిలు బుట్టలకెత్తి దొరగారికి సమర్పించేవారు. ఈ బుట్టలకు 'డాలీ' అని పేరు. క్రిస్మస్‌కు 'బడా దిన్' అని పేరు. పండుగ వారిది, తోరణములు మనవి. అరటి బోదె ఎక్కడ కనబడినా శుభకార్యమే గనుక మన నౌకర్లకు అందులో వింత తోచి ఉండదు.

1869 నవంబరు 17న సూయజు కాలువ తెరిచిన పిమ్మట ప్రయాణము వారములలోనికి దిగినది. దూరము తగ్గినది గాని ఎడబాటు తగ్గలేదు. బిడ్డలకు ఐదారేండ్లు రాగానే ఇంగ్లండుకు పంపివేయుట ఆనాటి దొరల ఆచారము. ఇక్కడి జ్వరములకు జడిసి కొంత, అక్కడి చదువుల కోసము కొంత. రచయితగా పేరు పొందిన రడ్యార్డ్ కిప్లింగు 1865 డిసెంబరు 30న బొంబాయిలో పుట్టినాడు. ఐదేండ్ల వయసులో, 1871లో, చెల్లెలితో పాటు అతనిని ఇంగ్లండులో సౌత్‌సీ అను ఊరిలో పరాయి ఇంట ఉంచి తల్లిదండ్రులు బొంబాయికి తిరిగి వచ్చినారు. ఇంచుమించు ఆరేండ్లు ఆ పిల్లవాడు అక్కడ బాధపడినాడు. ఏడాదికి ఒక్క నెల, డిసెంబరులో, లండనులోని పినతల్లి ఇంటికి వెళ్ళేవాడు. ఆ ఒక్క నెలను స్వర్గముగా తలచినట్లు పెద్దవాడైన తరువాత తన స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు.

కిప్లింగు మన దేశమును గురించి పలికిన మాటలన్నీ మనకు నచ్చవు. కాని జీతము కోసము దూరదేశము పోయినవాని ఇల్లు రెండు ముక్కలగుట ఏ జాతికైనా ఒక్కటే. పినతల్లి ఇంటికి పరుగెత్తిన ఆ పిల్లవాడు, మా ఊరి స్టేషనులో బండి దిగగానే నాయనమ్మ కోసము పరుగెత్తే మా పిల్లవాడు మాకు వేరుగా కనబడరు.

మనవారిలో క్రిస్మస్‌ను సొంత పండుగగా సముద్రము దాటించినవారు కూడ ఉన్నారు. దక్షిణాఫ్రికాలోని నెటాలు తోటలకు కూలీలను తీసికొని మద్రాసు నుండి 'ట్రూరో' అను ఓడ 1860 నవంబరు 16న డర్బను రేవు చేరినది. అందులో 342 మంది ఉన్నారు. అటు తరువాత యాభై ఏండ్లపాటు ఓడలు వెళ్ళుచునే ఉన్నవి. ఐదేండ్ల ఒప్పందము మీద వెళ్ళినవారిలో తెలుగువారు వేలకొలదిగా ఉండిరి. వారిలో క్రైస్తవులైన తెలుగువారి కోసము నెల్లూరు ప్రాంతమునుండి జాన్ రంగయ్య గారు 1903లో సకుటుంబముగా నెటాలు వెళ్ళినారు. ఆయనను పంపినది దొరల సంఘము కాదు. తెలుగు బాప్టిస్టులు తామే పెట్టుకొన్న సంఘము. కియర్స్‌నీ తేయాకు తోటలో ఆ సంవత్సరమే తెలుగు సంఘము ఏర్పడినది. తోటలో పుట్టి, సొంత ఊరు ఎన్నడూ చూడని పిల్లలకు తెలుగులో ప్రార్థన, తెలుగులో పాట వినబడిన దినములు అవి. మా కాలనీలో తెలుగు క్రైస్తవ కుటుంబములు పది దాకా ఉన్నవి. డిసెంబరు 24 రాత్రి వారు వీధి వెంట తెలుగులో పాడుకొంటూ వచ్చునప్పుడు మా ఇంటివారందరము వాకిట నిలబడతాము. వారి కేకు మాకు వస్తుంది, సంక్రాంతికి మా అరిసెలు వారికి వెళతాయి.

ఇక ఈ సెలవులను దేశపు పనికి వాడుకొన్న కథ వినదగినది. 1885 డిసెంబరు 28న బొంబాయిలో గోకులదాసు తేజపాల్ సంస్కృత కళాశాలలో భారత జాతీయ కాంగ్రెసు మొదటి మహాసభ జరిగినది. వచ్చిన ప్రతినిధులు 72 మంది. ముందు పూనాలో జరుపవలెనని అనుకొన్నారు గాని అక్కడ కలరా సోకుటచే బొంబాయికి మార్చినారు. ఆ తేదీనే ఎందుకు ఎంచినారు? వచ్చినవారిలో పెక్కురు వకీళ్ళు, పత్రికల వారు, ఉపాధ్యాయులు. క్రిస్మస్ వారములో కోర్టులు, కచేరీలు, కళాశాలలు మూసి ఉండేవి. దొరలు తమ పండుగ కోసము కోర్టు మూసినారు, మన వకీళ్ళు ఆ సెలవులోనే దొరతనమును ప్రశ్నించుటకు సభ తీర్చినారు. అప్పటికి రైలు మార్గములు దేశమంతట అల్లుకొన్నవి. మద్రాసు వకీలు నాలుగు రోజుల పనికి బొంబాయి పోయి, కోర్టు తెరిచేనాటికి తిరిగి రాగలిగినాడు.

ఆ 72 మందిలో తెలుగు వకీలు పనబాక ఆనందాచార్యులు గారు ఒకరు. ఆరేండ్ల తరువాత, 1891 డిసెంబరులో, నాగపూరు మహాసభకు ఆయనే అధ్యక్షులైనారు. నాగపూరులో, షోలాపూరులో, బొంబాయిలో స్థిరపడిన మన సోదరులు గర్వించదగిన సంగతి. ఇంటిల్లిపాది ఒకచోట చేరవలసిన వారములో ఎన్ని ఇండ్లు యజమాని లేకుండా గడిపినవో చరిత్ర పుస్తకములలో ఉండదు.

1923 డిసెంబరులో మహాసభ మన కాకినాడకే వచ్చినది. మౌలానా మహమ్మదాలీ అధ్యక్షులు. అప్పటి ఒక ముచ్చట మా టిక్కెట్టు గుమాస్తాలకు మిక్కిలి ఇష్టము. ఖద్దరు ప్రదర్శనశాల వాకిట కావలి ఉన్న స్వచ్ఛంద సేవకురాలు పదునాలుగేండ్ల బాలిక. టిక్కెట్టు లేకుండా వచ్చిన ఒక పెద్దమనిషిని ఆమె లోనికి పోనీయలేదు. ఆ వచ్చినవారు జవహర్‌లాల్ నెహ్రూ గారు. నిర్వాహకులు వచ్చి టిక్కెట్టు కొని ఇచ్చిన మీదటనే ఆమె దారి ఇచ్చినది. ఆ బాలికయే తరువాత దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు. టిక్కెట్టు లేదని అడిగితే 'నేనెవరో తెలుసా' అని గద్దించేవారు మాకు ఇప్పటికీ తగులుతూ ఉంటారు. అప్పుడు మేము ఆ బాలికను తలచుకొంటాము.

కాంగ్రెసు మహాసభ క్రిస్మస్ వారమును విడిచినది 1929 తరువాత. ఆ సంవత్సరము లాహోరులో రావీ నది ఒడ్డున పూర్ణ స్వరాజ్య తీర్మానము జరిగినది. చలికి తగిన బట్టలు లేని బీదవారు డిసెంబరులో ఉత్తరదేశపు గుడారములలో ఎంత బాధపడుదురో అక్కడ అందరూ చూచినారు. ఇకమీదట ఫిబ్రవరి, మార్చి నెలలలో సభ జరుపవలెనని అక్కడనే నిశ్చయించినారు. వకీళ్ళ సభ ప్రజల సభ అయినది గనుక వకీళ్ళ సెలవులతో దానికి పని లేకపోయినది.

సభలకు పోని సామాన్యులకు ఆ సెలవులు ఇంటికి పోయే దారి చూపినవి. రైలు కంపెనీలు క్రిస్మస్‌కు, పూజలకు తగ్గింపు ధరల మీద రానుపోను టిక్కెట్లు అమ్మేవి. మన తూర్పుతీరపు రైలు మార్గము 1890 తరువాతి పదేండ్లలో కట్టినది. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900లో తెరిచినారు. అంతకుముందు రైలు దిగి, నది దాటి, మరల రైలు ఎక్కవలసినదే. ఆ వంతెనతో ఇటు కటకము నుండి అటు బెజవాడ దాకా ఉన్న నేల ఒక్క పట్టా మీదికి వచ్చినది. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పట్టా పని, షెడ్డు పని, గుమాస్తా పని వెదకికొంటూ విశాఖపట్టణము, గంజాము జిల్లాల వారు ఖుర్దా రోడ్డుకు, ఖరగ్‌పూరుకు ఎగబ్రాకినారు. మా ముత్తాతగారు ఆ విధముగనే శ్రీకాకుళము దగ్గరి పల్లె నుండి ఖుర్దా రోడ్డుకు గాంగుమనుగా వచ్చినారు. అప్పుడు మా ఊరి స్టేషను పేరు చికాకోల్ రోడ్డు. ఆమదాలవలసలోని ఆ స్టేషను ఇప్పుడు శ్రీకాకుళం రోడ్డు.

ఆయన తమ్ముడు, మా చిన్న ముత్తాత, రైలు ఎక్కలేదు, ఓడ ఎక్కినాడు. ఆ కాలములో తెలుగు కూలికి 'పైదేశము' అంటే రంగూనే. కాకినాడ, విశాఖపట్టణము, కళింగపట్టణము, గోపాలపురము రేవుల నుండి వేలకొలది జనము బర్మాకు వెళ్ళేవారు. రంగూను రేవులో బస్తాలు మోసినవారు, బియ్యపు మిల్లులలో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు ఎక్కువగా మనవారే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగరములో సగమునకు మించి భారతీయులే ఉండిరి. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుండి విడదీసినారు. నిన్నటి దాకా ఒక్క ప్రభుత్వము క్రింద ఉన్న ఊరు ఒక్కనాటితో పరదేశమైనది.

చిన్న ముత్తాత ఏడాదికి రెండు మూడు మారులు మనియార్డరు పంపేవాడట. ఆ డబ్బుతో మా ముత్తాతగారు తమ్ముని పేరనే ఊరి చెరువు క్రింద ముప్పై సెంట్ల మడి కొన్నారు. రేవులో క్రిస్మస్ సెలవులకు పని తగ్గునప్పుడు వచ్చి చూచుకొనుమని జాబు వ్రాయించినారట. ఆ జాబు వ్రాసినది 1941లో.

1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూను మీద బాంబులు వేసినవి. విమానములను వింతగా చూచుటకు వీధులలో నిలబడినవారు అనేకులు నిలుచున్నచోటనే చనిపోయినారు. మరల క్రిస్మస్ నాడే, డిసెంబరు 25న, రెండవమారు వేసినవి. రేవు పాడుపడినది. కూలిజనము మూటలు నెత్తిన పెట్టుకొని ఊరు విడిచినారు. ఓడలలో చోటు డబ్బున్నవారికే కష్టమైనది, కూలివానికి ఎక్కడిది? ప్రోము మీదుగా కొండలు దాటి సముద్రతీరమునకు కొందరు, మణిపురము దారిని కొందరు నడక సాగించినారు. 1942 మార్చి 8న రంగూను జపాను వారి వశమైనది. ఆ కొన్ని నెలలలో బర్మా నుండి బయలుదేరిన భారతీయులు నాలుగు లక్షలకు మించి ఉందురు. ఆకలితో, కలరాతో, మన్యపు జ్వరముతో దారిలో రాలిపోయినవారు వేలకు వేలు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడల మీద కూడ బాంబులు పడుటతో, వారి కోసము ఎదురుచూచే ఊళ్ళు కూడ ఖాళీ అయినవి.

చిన్న ముత్తాత తిరిగి రాలేదు. ఏ దారిని బయలుదేరినాడో, అసలు బయలుదేరినాడో లేదో కూడ కబురు లేదు. చనిపోయినట్లు తెలియదు గనుక కర్మ చేయలేదు. బ్రతికి ఉన్నట్లు తెలియదు గనుక వాటా పంచలేదు. మా ముత్తాతగారు ఉన్నన్నాళ్ళు డిసెంబరులో సెలవు పెట్టి, బండి ఎక్కి, ఊరికి వెళ్ళి ఆ మడి గట్టు చూచి వచ్చేవారని మా తాతగారు చెప్పేవారు. అన్నదమ్ములు కలుసుకోవలసిన వారము అది అని ఆయన లెక్క. అట్లు మొదలైనది మా ఇంటి క్రిస్మస్ ప్రయాణము. మా తాతగారు ఆగ్నేయ రైల్వేలో కలాసీగా ఉన్నప్పుడు కూడ ఆ ఆచారము తప్పలేదు. మా నాయనగారి కాలములో పిల్లల సెలవులు కూడ దానితో కలిసినవి. ఇప్పుడు మేము తూర్పుతీర రైల్వేలో ఉన్నాము. రైల్వే పేర్లు మారినవి, ప్రయాణము మారలేదు. ఊరిలో అందరూ దానిని 'రంగూను మడి' అనే పిలుస్తారు.

టిక్కెట్టు గుమాస్తాకు పండుగ రద్దీ అంటే పని రద్దీ. 2024 నవంబరు నుండి రిజర్వేషను అరవై రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. అక్టోబరు ఆఖరున కౌంటరు తెరిచిన కొద్ది నిమిషములలో విశాఖ వైపు బండ్లు నిండిపోవును. అద్దమునకు అవతలివాడు "బాబూ, మా అమ్మకు బాగులేదు, ఒక్క బెర్తు చూడు" అని తెలుగులో అడుగునప్పుడు మేము చేయగలిగినది ఏమియు ఉండదు. వెయిటింగు లిస్టు అంకె చెప్పుటయే. మా పిల్లలను ముందు పంపి, డ్యూటీ ముగించుకొని, జనరల్ పెట్టెలో నిలబడి మేము వెళ్ళిన డిసెంబరులు ఎన్నో.

పోయిన డిసెంబరులో పందిరి క్రింద భోజనములయిన తరువాత మడి అమ్ముదామన్న మాట వచ్చినది. మా తమ్ముడు హైదరాబాదులో, పెదనాన్నగారి అబ్బాయి విదేశములో ఉన్నారు. కౌలు చేసే రైతు ముసలివాడైనాడు. వారు చెప్పినదానిలో అన్యాయము లేదు. మేము కూడ కాదనలేదు. అప్పుడు మా తమ్ముని కూతురు, ఎనిమిదేండ్ల పిల్ల, "రంగూను మడి అని ఎందుకంటారు, రంగూ అనే పురుగు ఉందా?" అని అడిగినది. అందరము నవ్వినాము. ఆ తరువాత ఎవరికీ నవ్వు రాలేదు. ఎనభై ఏండ్లకు పైగా ఒక మనిషి కోసము చేసిన ప్రయాణము ఎందుకో మా పిల్లలలో ఒక్కరికీ తెలియదు. వారికి చెప్పనిది మేమే. సెలవులని, చలికాలమని, చేపల కూర అని తీసికొనిపోయినామే గాని కారణము చెప్పలేదు.

ఆ సాయంకాలము పిల్లలందరినీ గట్టు మీదికి నడిపించి, తెలిసినంత కథ చెప్పినాము. రేవు, మనియార్డరు, జాబు, బాంబులు, నడక. పెదనాన్నగారి అబ్బాయి విదేశమునుండి వీడియోలో విన్నాడు. ముగిసిన తరువాత చాలాసేపు మాటలాడలేదు. ఆపైన "ఈ ఏడాదికి అమ్మకము మాట ఉంచండి, వచ్చే డిసెంబరుకు మేమందరమూ వస్తాము" అన్నాడు. వచ్చునో, సెలవు దొరుకునో చూడవలెను. వచ్చిన తరువాత అందరము కలిసి అమ్మినా అమ్మవచ్చును. మడి ముప్పై సెంట్లే. కాని పేరు ఎట్లు వచ్చినదో పిల్లలకు తెలియకుండా అమ్ముట మాత్రము తప్పని మాకు తోచినది.

సోదర సోదరీమణులారా, మనలో కొందరము పని కోసము ఊరు విడిచినవారము. కొందరము ఊరు విడువకుండానే సరిహద్దు కదలుటచే ప్రవాసులమైనవారము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురము తెలుగువారికి అట్లే జరిగినది. మన పంచాంగములోని పండుగకు ఎక్కడి ప్రభుత్వమైనా సెలవు ఇవ్వవచ్చును, ఇవ్వకపోవచ్చును. ఇచ్చిన సెలవు ఎవరి పండుగదైనను, ఆ నాలుగు రోజులలో ఇంటివారిని కలుసుకొని, ఇంటి కథ పిల్లలకు చెప్పినచో అది మన పండుగ కూడ అగును.

ఈ ఉగాది నాడు వేపపూవు పచ్చడి చేతిలో పెట్టునప్పుడే డిసెంబరు ప్రయాణము మాట కూడ అనుకొనండి. టిక్కెట్టు అరవై రోజుల ముందు తీయవలెను. కథ మాత్రము ఈ రోజే మొదలుపెట్టవచ్చును. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.